ఆగిన ఓడలు – తిరిగివచ్చిన సొమ్ము

ఓడ ప్రయాణం వేరు, నౌకావిహారం వేరు. ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేరవలసినవాడు ఓడ ఎక్కితే, ఆ ఊరు చేరడంతో అతని ప్రయోజనం నెరవేరుతుంది. విహారనౌక ఎక్కినవాడు తరచుగా బయలుదేరిన రేవుకే తిరిగివస్తాడు. అతడు రుసుము చెల్లించేది నడుమ చూడబోయే రేవుల కోసం, నౌకలో గడపబోయే దినాల కోసం. కనుక అతని చేతిలోని టికెట్టు నిజానికి ఒక వాగ్దానం. ఫలానా దినాన బయలుదేరుతాము, ఫలానా రేవులలో ఆగుతాము, ఫలానా దినాన తిరిగి చేరుస్తాము అని నౌకాసంస్థ ముందుగా సొమ్ము పుచ్చుకొని ఇచ్చిన మాట అది. 2020 తొలి నెలలలో కొవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు ఇటువంటి మాటలు ప్రపంచమంతటా ఒక్కసారిగా తప్పిపోయాయి. ఇచ్చినవాడి దోషం లేకుండా మాట తప్పినప్పుడు నష్టం ఎవరు భరించాలి? చాలా పాతదైన ఈ ప్రశ్న అప్పుడు కొత్తగా ముందుకు వచ్చింది.

ఈ వ్యాపారంలో సొమ్ము నడిచే తీరును మొదట గ్రహించాలి. ప్రయాణికుడు అనేక నెలల ముందే కొంత బయానా చెల్లిస్తాడు. బయలుదేరడానికి సుమారు మూడు నెలల ముందు మిగిలిన మొత్తం కట్టివేస్తాడు. ఆ సొమ్మును సంస్థ పెట్టెలో భద్రపరచి ఉంచదు. ఇంధనానికి, జీతాలకు, అప్పుల వాయిదాలకు, కొత్త నౌకల నిర్మాణానికి అది ఎప్పటికప్పుడు వెచ్చమైపోతుంది. నేడు ప్రయాణించేవాడి ఓడ రేపు ప్రయాణించబోయేవాడి ధనంతో నడుస్తుందని చెప్పినా తప్పులేదు. రాకడ పోకడలు సరిగా సాగినంతకాలం ఇందులో చిక్కు కనిపించదు. రాకడ ఆగిపోయి, ఇచ్చినవారందరూ ఒకేసారి తిరిగి అడిగిన రోజున మాత్రం ఆ చిక్కు బయటపడుతుంది.

ఆ రోజు 2020 మార్చిలో వచ్చింది. అయితే దాని సూచనలు ఫిబ్రవరిలోనే కనిపించాయి. జనవరి 20న జపానులోని యొకొహామా నుంచి డైమండ్ ప్రిన్సెస్ అనే నౌక విహారయాత్రకు బయలుదేరింది. 25వ తేదీన హాంగ్‌కాంగ్‌లో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి వ్యాధి సోకినట్లు తరువాత తేలింది. నౌక ఫిబ్రవరి 3న యొకొహామాకు తిరిగి రాగా జపాను ప్రభుత్వం ఎవరినీ ఒడ్డుకు దిగనివ్వలేదు. అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి వ్యాధి సోకింది. పదిమందికి పైగా మరణించారు. నౌకలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే. ప్రయాణికులు తమ గదులు దాటకుండా ఉన్న ఆ దినాలలో, ఇరుకు గదులను పంచుకొని ఉండే సిబ్బంది పూటపూటా గుమ్మం గుమ్మానికి భోజనం అందించారు. ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి చేర్చింది. ఆ యాత్రకు ప్రయాణికులు చెల్లించిన రుసుమును సంస్థ పూర్తిగా తిరిగి ఇచ్చింది.

వ్యాధి ఉన్నదన్న అనుమానంతో నౌకను దూరంగా నిలిపివేయడం నేటి ఆచారం కాదు. ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం 1377లోనే, వ్యాధి ప్రబలిన ప్రాంతాల నుంచి వచ్చినవారు ముప్పై దినాలు వేరుగా ఉండాలని శాసించింది. తరువాత ఆ గడువు నలభై దినాలయింది. ‘క్వారంటైన్’ అనే మాట వెనిస్ వారి భాషలోని ‘నలభై’ నుంచి పుట్టినదే. అయితే రగూసా పద్ధతిలో నౌకకు నిలిచేందుకు ఒక చోటు ఉండేది. 2020లో ఆ చోటు కూడా కరవైంది.

వెస్టర్‌డామ్ అనే నౌక కథ దీనికి నిదర్శనం. అది ఫిబ్రవరి 1న హాంగ్‌కాంగ్ నుంచి బయలుదేరింది. అందులో వ్యాధిగ్రస్తులున్నట్లు నిర్ధారణ ఏదీ లేదు. అయినా ఫిలిప్పీన్స్, తైవాన్, జపాను, గువామ్, థాయిలాండ్ వరుసగా తమ రేవులలోకి అనుమతి నిరాకరించాయి. రెండువేలకు పైగా మనుషులతో ఆ ఓడ దాదాపు రెండు వారాలు దిక్కు మార్చుకుంటూ తిరిగి, చివరకు ఫిబ్రవరి 13న కంబోడియాలోని సిహనూక్‌విల్ రేవు చేరింది. మరునాడు ఆ దేశ ప్రధాని హున్ సేన్ స్వయంగా వచ్చి ప్రయాణికులకు పూలు ఇచ్చి స్వాగతం పలికాడు. అందులో రాజకీయ ప్రదర్శన కొంత ఉండవచ్చు. కానీ సంపన్న దేశాలు మూసివేసిన తలుపును ఒక చిన్న దేశం తెరిచిందన్నది కాదనలేని సత్యం. సంస్థ ఆ యాత్రికులకు పూర్తి రుసుమును తిరిగి ఇవ్వడమే కాక, అంతే విలువగల మరొక యాత్రకు జమ కూడా ఇచ్చింది.

మార్చి 7న బ్యూనస్ ఎయిరిస్ నుంచి బయలుదేరిన జాండామ్ నౌకకు ఇంతకంటె కఠినమైన అనుభవం ఎదురయింది. చిలీ దేశంలో ముగియవలసిన ఆ యాత్రకు అక్కడ రేవు దొరకలేదు. లోపల వ్యాధి వ్యాపించింది. నలుగురు మరణించారు. మందులు, సహాయక సిబ్బందితో రోటర్‌డామ్ అనే మరొక నౌక పనామా సమీపంలో దానిని కలుసుకుంది. ఆరోగ్యవంతులను అందులోకి మార్చిన తరువాత రెండూ పనామా కాలువ దాటి ఏప్రిల్ 2న అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ చేరాయి.

ఆపదలో ఉన్న ఓడ పట్ల రేవు ఎట్లా ప్రవర్తించాలన్న ప్రశ్నకు తెలుగునేలపై ఒక పాత సమాధానం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. గాలివానకు చెదరి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకులను పూర్వపు రాజులు బలవంతంగా కైవసం చేసుకొనేవారని, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ గ్రహించనని ఆయన అందులో ప్రకటించాడు. వర్తకులకు అది ఒక హామీ. సముద్రం మీద తమ చేతిలో లేని కారణం వల్ల దారి తప్పినవాడికి రేవు మరొక నష్టం కలిగించరాదన్నది దాని భావం. మోటుపల్లి శాసనం వేసిన రాజుకు వ్యాధిభయం ఎదురుగా లేదు. 2020 నాటి ప్రభుత్వాలకు తమ ప్రజలను కాపాడుకొనే బాధ్యత ఉంది. ఈ తేడాను విస్మరించకూడదు. అయినా ఆ శాసనం చదివినవారికి వెస్టర్‌డామ్ తిరుగుడు కొంత విచారం కలిగించక మానదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది. మూడు రోజులలోగా ప్రధాన నౌకాసంస్థలు యాత్రలను నిలిపివేశాయి. మార్చి 14న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ విహారనౌకలు కదలరాదని ఉత్తర్వు ఇచ్చింది. కొద్ది వారాలకని మొదలైన ఆ నిషేధం పొడిగింపుల మీద పొడిగింపులతో అక్టోబరు చివరిదాకా సాగింది. తరువాత షరతులతో కూడిన మరొక ఉత్తర్వు దాని స్థానంలో వచ్చింది. అమెరికా రేవుల నుంచి పెద్ద నౌక ఒకటి రుసుము చెల్లించిన ప్రయాణికులతో మళ్ళీ బయలుదేరేసరికి 2021 జూన్ నెల గడిచిపోవచ్చింది.

యాత్ర రద్దయిన ప్రయాణికుడి ముందు పలు సంస్థలు రెండు మార్గాలు ఉంచాయి. చెల్లించిన రుసుమును నగదుగా వాపసు తీసుకోవడం ఒకటి. దానికి బదులు రుసుముకు 125 శాతం విలువగల జమను మరొక యాత్రకు వాడుకోవడం రెండవది. లక్ష రూపాయలు చెల్లించినవాడు నగదు కోరితే లక్ష వస్తుంది, జమ కోరితే లక్షా పాతికవేల విలువగల యాత్ర దొరుకుతుంది. పైకి ఇది సంస్థ ఔదార్యంలా కనిపిస్తుంది. లెక్క చూస్తే సంగతి వేరు. నగదు ఇస్తే ఆ లక్ష ఆ రోజే సంస్థ చేయి దాటిపోతుంది. జమ ఇస్తే ఆ లక్ష సంస్థ దగ్గరే ఉంటుంది. అదనంగా ఇచ్చిన పాతికవేలు కూడా ఎప్పుడో ఒక నౌకలో ఖాళీగా ఉండిపోగల గది రూపంలో తీరుతాయి. ఆ సమయంలో కార్నివాల్ వంటి అతి పెద్ద సంస్థ సైతం నౌకలను తాకట్టు పెట్టి ఏడాదికి 11.5 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. బజారులో అప్పు అంత ప్రియమైనప్పుడు, వడ్డీ అడగని ప్రయాణికుడి సొమ్ము ఎంత విలువైనదో ఊహించవచ్చు. జమను ఎంచుకున్న ప్రతి ప్రయాణికుడూ తెలిసో తెలియకో ఆ సంస్థకు అప్పు ఇచ్చినవాడయ్యాడు. సంస్థ దివాలా తీస్తే ఆ జమపత్రానికి విలువ ఏమిటన్న సందేహం మాత్రం అతనికే మిగిలింది.

ప్రభుత్వం ఆ సంస్థలను ఎందుకు ఆదుకోలేదన్న ప్రశ్న సహజం. 2020లో కార్నివాల్ పనామాలో, రాయల్ కరీబియన్ లైబీరియాలో, నార్వేజియన్ బెర్ముడాలో నమోదై ఉన్నాయి. ప్రధాన కార్యాలయాలు అమెరికాలోని మయామీ నగరంలో ఉన్నా, పన్నుల భారం, కార్మిక చట్టాల కట్టుబాటు తక్కువగా ఉండేందుకు నమోదును, నౌకల జెండాలను ఇతర దేశాలకు తరలించుకున్నాయి. 2020 మార్చిలో అమెరికా ప్రకటించిన ఆర్థిక సహాయ చట్టంలోని పెద్ద రుణాలు ఆ దేశంలో నమోదైన సంస్థలకే పరిమితమయ్యాయి. పరాయి జెండా నీడ కోరుకున్నవారికి ఆపత్కాలంలో సొంత గొడుగు దొరకలేదు.

ఇక వాపసు ఎన్నాళ్ళకు రావాలన్నది. ఐరోపా సమాఖ్య 2015 నాటి యాత్రల ఆదేశం ప్రకారం రద్దయిన యాత్ర సొమ్మును పద్నాలుగు దినాలలో చెల్లించాలి. మహమ్మారి వేళ కొన్ని సభ్యదేశాలు నగదుకు బదులు వోచరు ఇస్తే చాలునని సంస్థలకు వెసులుబాటు కల్పించాయి. 2020 మే 13న ఐరోపా కమిషన్ జోక్యం చేసుకొని, వోచరు ప్రయాణికుడి ఇష్టంపై ఆధారపడినదని, నగదు కోరే హక్కు అతనికి అలాగే ఉన్నదని స్పష్టం చేసింది. వోచరు పుచ్చుకోవాలని ఆశిస్తే దానిని ఆకర్షణీయంగా, సంస్థ దివాలా తీసినా చెల్లేటట్లుగా చేయాలని సూచించింది. అమెరికాలో 1966 నాటి చట్టం, యాత్ర జరగనప్పుడు ప్రయాణికులకు చెల్లించేందుకు నౌకాసంస్థలు ముందుగానే హామీ చూపాలని నిర్దేశించింది. కానీ యాత్ర ‘జరగలేదు’ అని ఎప్పుడు అనాలో అందులో తేటగా లేదు. నౌక బయలుదేరడం పది దినాలు ఆలస్యమైతే అది రద్దా, వాయిదానా? ఈ లోపాన్ని సవరిస్తూ 2022లో అక్కడి సముద్రవాణిజ్య సంఘం, యాత్ర రద్దయినా, మూడు దినాలు లేదా అంతకు మించి ఆలస్యమైనా, వెళ్ళడానికి ఇష్టపడని ప్రయాణికుడికి పూర్తి సొమ్ము చెల్లించాలని నియమం చేసింది. వేలమంది వాపసు కోసం నెలల తరబడి నిరీక్షించిన తరువాత వచ్చిన స్పష్టత ఇది.

మాట ఇచ్చినవాడి తప్పు లేకుండా మాట తప్పితే న్యాయం ఏమంటుందన్న ప్రశ్నను ఇంగ్లండు న్యాయస్థానాలు శతాబ్దం కిందటే చర్చించాయి. అక్కడ కూడా కారణం ఒక వ్యాధే. 1902 జూన్ 26న జరగవలసిన ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం, రాజుకు ఆంత్రపుచ్ఛ వ్యాధి రావడంతో రెండు రోజుల ముందు వాయిదా పడింది. ఊరేగింపు చూడడానికి లండన్‌లో గదులు అద్దెకు తీసుకున్న ఒక వ్యక్తి మిగిలిన అద్దె చెల్లించనక్కరలేదని న్యాయస్థానం 1903లో తీర్పు చెప్పింది. ఊరేగింపే లేనప్పుడు ఒప్పందానికి మూలమే పోయిందన్నారు. అదే సందర్భంలో రాజు చేయబోయే నౌకాదళ సమీక్షను చూపించి, దళం చుట్టూ విహరింపజేయడానికి ఒక ఆవిరిపడవను 250 పౌన్లకు మాట్లాడుకున్న మరొక వ్యక్తికి మాత్రం ఆ ఊరట లభించలేదు. సమీక్ష రద్దయినా యుద్ధనౌకలు అక్కడే ఉన్నాయి, చుట్టి రావచ్చు కదా అని న్యాయస్థానం భావించింది. ఈ రెండు తీర్పుల మధ్య గీత సన్ననిది. యాత్రలో ప్రధానమైనది పోయిందా, కొంత మాత్రమే పోయిందా అన్నది నిర్ణయించడం ఎంత కష్టమో ఆ పడవ వ్యాజ్యం చూపుతుంది. ఒప్పందం అసాధ్యమైతే ముందుగా చెల్లించిన సొమ్ము ఎవరి దగ్గర ఉంటే వారిదేనన్న అభిప్రాయం ఆ తరువాత అక్కడ చాలాకాలం నిలిచింది. 1942–43లో గాని అది మారలేదు.

ఈ విషయంలో మన దేశంలో అమలులో ఉన్న 1872 నాటి ఒప్పందాల చట్టం ముందుచూపు కలది. చేయవలసిన పని అసాధ్యమైనప్పుడు ఒప్పందం చెల్లదని 56వ సెక్షను, చెల్లకుండా పోయిన ఒప్పందం కింద లబ్ధి పొందినవాడు దానిని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షను చెబుతాయి. 2020 అక్టోబరు 1న విమాన టికెట్ల వాపసుపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా ప్రయాణికుడికి సొమ్ము చెందాలన్నదే ముఖ్యాంశం. అయితే కష్టాలలో ఉన్న విమానసంస్థలు 2021 మార్చి 31 వరకు దానిని జమగా ఉంచవచ్చునని, 2020 జూన్ వరకు నెలకు అర శాతం, ఆ తరువాత ముప్పావు శాతం చొప్పున దాని విలువ పెంచాలని, గడువులోగా వాడుకోని సొమ్మును తిరిగి చెల్లించాలని ఆదేశించింది. ప్రయాణికుడు అప్పు ఇచ్చినవాడైతే అతనికి ప్రతిఫలం కూడా ఉండాలన్న ధర్మాన్ని ఈ తీర్పు గుర్తించింది.

రద్దు కంటె చిక్కైనది మార్గం మారడం. నౌకాసంస్థల నిబంధనలలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. వాతావరణం, అలజడులు, రేవు అధికారుల ఆజ్ఞలు వంటి కారణాలతో సంస్థ ప్రయాణక్రమాన్ని మార్చవచ్చును, ఏ రేవునైనా విడిచిపెట్టవచ్చును. అందువల్ల అయిదు రేవులు చూడదలచి వెళ్ళినవాడు మూడే చూసి తిరిగివచ్చినా, చాలా సందర్భాలలో ఆ రేవులకు చెల్లించిన పన్నులు తప్ప మరేమీ వాపసు రాదు. నౌకావిహారంలో మార్గమే సరుకు. సరుకులో కొంత తగ్గించి పూర్తి వెల పుచ్చుకొనే ఈ సదుపాయం మరే వ్యాపారంలోనూ ఇంత సులభంగా చెల్లుబాటు కాదు.

ఒక్కొక్కప్పుడు మార్గాన్ని మార్చేది వ్యాధి కాక, ఎక్కడో నిద్రపోతున్న ఒక పాత చట్టం. పరాయి జెండా గల నౌక అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పరాదని, నడుమ ఒక విదేశీ రేవును తాకాలని 1886 నాటి చట్టం నియమిస్తుంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే విహారనౌకలు అందుకోసం కెనడా రేవులో ఆగుతాయి. కెనడా తన రేవులను మూసివేయడంతో, వ్యాధి తగ్గినా 2021లో అలాస్కా యాత్రలకు దారి లేకపోయింది. యాత్రికుల రాకపై జీవించే అలాస్కా తీరపట్టణాలు రెండవ ఏడాది కూడా పస్తుండే స్థితి ఏర్పడింది. చివరకు అమెరికా ఒక తాత్కాలిక చట్టం చేసి, 2021 మే 24న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన తరువాత ఆ వేసవిలో నౌకలు కదిలాయి.

ఇటువంటి అనుభవం తెలుగువారికి ఆ మరుసటి ఏడాదే కొంత ఎదురయింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి విహారనౌక ఒకటి ఏర్పాటయింది. పుదుచ్చేరి ప్రభుత్వం నౌకకు అనుమతి ఇవ్వకపోవడంతో ప్రయాణక్రమం నుంచి ఆ మజిలీ తొలగిపోయింది. అక్కడి అభ్యంతరం జూదం మొదలైన వినోదాల గురించి. వ్యాధికి సంబంధించినది కాదు. కారణం ఏదైనా, రేవు వద్దన్నప్పుడు టికెట్టులోని మాట నిలవదు.

రుసుము తిరిగి వచ్చినంత మాత్రాన నష్టం తీరినట్లేనా? ఆస్ట్రేలియాలోని ఒక వ్యాజ్యంలో ఈ ప్రశ్న తలెత్తింది. 2020 మార్చి 19న రూబీ ప్రిన్సెస్ నౌక యాత్రను కుదించుకొని సిడ్నీకి తిరిగివచ్చింది. ప్రయాణికులు దిగి తమ ఇళ్ళకు చెదిరిపోయారు. ఆ యాత్రతో సంబంధమున్న మరణాలు 28. ప్రయాణికులందరి తరఫున ఒక మహిళ దావా వేసింది. ఆమె భర్త ఆ వ్యాధితో ప్రాణాపాయం దాకా వెళ్ళాడు. నౌకను బయలుదేరదీయడంలో సంస్థ అజాగ్రత్త వహించిందని, యాత్ర క్షేమమన్న భావన కలిగించి తప్పుదారి పట్టించిందని ఫెడరల్ కోర్టు 2023 అక్టోబరులో నిర్ధారించింది. కానీ ఆమెకు దక్కిన పరిహారం వైద్య ఖర్చుల కింద 4,423 డాలర్లు, దానిపై వడ్డీ మాత్రమే. యాత్ర చెడిపోయినందుకు కలిగిన మనస్తాపానికి వేరే పరిహారం ఇవ్వలేదు. సంస్థ రుసుమును అప్పటికే పూర్తిగా తిరిగి ఇచ్చిందన్నది అందుకు చెప్పిన కారణం. వాపసు ఇక్కడ ప్రయాణికురాలికి ఊరట కంటె సంస్థకు కవచంగా ఎక్కువ ఉపకరించింది.

వాపసు అడగడానికి టికెట్టే లేనివారు నౌకలలో మరికొందరు ఉన్నారు. ప్రయాణికులు దిగిపోయినా సిబ్బంది దిగలేదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా తీరాల వెలుపల సుమారు వంద విహారనౌకలలో దాదాపు 80,000 మంది సిబ్బంది చిక్కుకొని ఉన్నారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ ప్రకటించింది. ఒప్పందకాలం ముగిసినవారిలో అనేకులకు జీతం నిలిచిపోయింది. యజమాని ఖర్చుతో స్వదేశం చేరే హక్కును 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక వారికి ఇచ్చింది. భారతదేశం కూడా దానిని 2015లో ఆమోదించింది. కానీ సాధారణ విమానాలలో వారిని ఎక్కించరాదని ఒక దేశం, తన పౌరులనే దింపుకోలేనని మరొక దేశం చెబుతున్నప్పుడు ఆ హక్కు కాగితం మీద నిలిచింది. కొన్ని సంస్థలు గత్యంతరం లేక తమ విహారనౌకలలోనే సిబ్బందిని ఎక్కించి, మహాసముద్రాలు దాటి వారి వారి దేశాలకు చేర్చాయి. మన దేశం లాక్‌డౌన్ నడుమ నావికుల కోసం ఏప్రిల్ 21న ప్రత్యేక నియమావళి విడుదల చేసింది. రెండు రోజుల తరువాత, ముంబయి తీరానికి వెలుపల నిరీక్షిస్తున్న మారెల్లా డిస్కవరీ నౌక రేవులోకి వచ్చింది. అందులోని 140 మందికి పైగా భారతీయ నావికులు పరీక్షలు చేయించుకొని, ఒక్కొక్కరుగా ఒడ్డున కాలు పెట్టారు.